వారం వెనకటి చెవి

పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తగానే మెకానిక్కు చేసే మొదటి పని చెవిలో దూది మార్చుకోవడం. టీ తరవాత, పని తరవాత, ముందు దూది. చిన్న ఉండ చేసి, విడిపోకుండా నల్లదారం నాలుగు చుట్లు చుట్టి, ఎడమ చెవిలో బిగించుకునేవాడు. అదయ్యాకే ఎవరైనా పలకరిస్తే బదులు పలికేవాడు.

ఎందుకంటే అతని ఎడమ చెవికి వారం కిందటి చప్పుళ్లు వినిపిస్తాయి. తను ఎక్కడ నిలబడితే అక్కడ, సరిగ్గా వారం కిందట అదే వేళకి ఏ చప్పుడైందో అది. కుడి చెవి మామూలుదే. దూది లేకపోతే ఇవాళ్టి సుత్తి దెబ్బలూ పోయిన వారం సుత్తి దెబ్బలూ కలిసి బుర్ర తినేసేవి. పెళ్లెందుకు చేసుకోలేదయ్యా అని అడిగిన వాళ్లతో, "ఒక్కో తిట్టూ రెండేసి సార్లు వినే ఓపిక నాకు లేదు" అనేవాడు. చుట్టుపక్కల వాళ్లకి ఇదేం వింత కాదు. ఒకడికి నత్తి ఉంటుంది, ఒకడికి ఎడమ చేతివాటం ఉంటుంది, ఇతనికి ఈ చెవి ఉంది, అంతే.

పైగా దాంతో పని జరిగేది. బండి జబ్బుల్లోకెల్లా పెంకిది ఏదంటే, ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే ఇంజను ఆగిపోవడం. రోడ్డు మీద మొరాయిస్తుంది, షెడ్డుకి తెచ్చేసరికి డాక్టర్ని చూసిన పంటినొప్పిలా మాయమైపోతుంది. అలాంటి బండి వస్తే మెకానిక్కు తొందరపడేవాడు కాదు. ఎక్కడ ఆగింది, ఎన్ని గంటలకి ఆగింది అని అడిగి, గోడ మీద సుద్దతో రాసుకుని, వారం తిరిగేసరికి ఆ చోటికి పోయి దూది తీసి నిలబడేవాడు. ఇంజను ఎలా ఆరిపోయిందో వినేవాడు. టక్కున ఆరిపోతే కరెంటు జబ్బు. దగ్గి, నీరసపడి, ఆరిపోతే పెట్రోలు జబ్బు. అక్కణ్నుంచి పట్టుకోవడం ఎంతసేపు.

చెవి అంత మంచిదే గానీ, మనిషి మొండివాడు. ఆ మాటా చెప్పుకోవాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం షెడ్డు ముందుకి ఓ పాత డెలివరీ వ్యాను వచ్చి ఆగింది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పాత కాగితం రంగుకొచ్చింది. పక్కన బేకరీ పేరు సగం చెరిగిపోయింది. నడుపుతున్నది ఇరవై ఏళ్ల పిల్ల, పక్క సీట్లో మెకానిక్కు వదిన. వాళ్లని చూడగానే మెకానిక్కు చేతిలో పాన నేల మీద పడింది. వదిన ఈ షెడ్డులో అడుగుపెట్టి పదకొండేళ్లయింది. అన్న పోయి నాలుగు రోజులైంది. అంత్యక్రియలకి వెళ్లి, అందరి వెనకా నిలబడి, ఎవరినీ పలకరించే మొహం లేక వచ్చేశాడు మెకానిక్కు.

అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టిన షెడ్డే అది. అన్నది చెయ్యి, తమ్ముడిది చెవి అనేవాళ్లు జనం. తమ్ముడు విని చెప్పేవాడు, అన్న విప్పి బిగించేవాడు. ఇరవై ఏళ్లు నడిచింది అలా. పదకొండేళ్ల కిందట ఇదే వ్యాను ఏదో చిన్న పనికి వచ్చింది, ట్యాంకులో గలగలమని చప్పుడొస్తోందని. తమ్ముడు ట్యాంకు మూత తీసి, చెవి ఆనించి విని, ఏం లేదని పంపించేశాడు. ఆ మర్నాటి నుంచి బండి ఆగడం మొదలెట్టింది. "నువ్వు చూశాకే కదరా మొదలైంది. ట్యాంకు విప్పి చూద్దాం" అన్నాడు అన్న. అంతే, తమ్ముడికి పౌరుషం పొడుచుకొచ్చింది. పది మంది ముందూ, "నా చెవిని అంటావేం అన్నా, నీ చెయ్యి వణుకుతోంది. ఇంట్లో కూర్చో" అన్నాడు.

అన్న స్పానర్ల పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. బేకరీ వాళ్లు విసిగిపోయి ఆ వ్యాను వదిలించుకుంటుంటే తనే కొనుక్కుని, వాళ్ల రొట్టెలే దుకాణాలకి చేరవేస్తూ పదకొండేళ్లు గడిపాడు. నెలకోసారో రెండుసార్లో బండి ఆగేది. కాసేపటికి దానంతటదే స్టార్టయ్యేది. ఇంత చెయ్యి తిరిగిన మనిషి సొంత బండిని ఎందుకు బాగుచేసుకోలేదా అని జనం నవ్వుకున్నారు. ఆ నవ్వు మెకానిక్కు చెవిన పడినప్పుడల్లా లోపల చిన్న సంతోషం కలిగేది. ఆ సంతోషానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాడు.

"లోపలికి రా వదినా" అన్నాడు.

"కూర్చోడానికి రాలేదు" అంది వదిన. "మీ అన్నయ్య పోయింది ఈ బండిలోనే. నీళ్ల ట్యాంకు పక్కన ఎత్తు ఎక్కుతుంటే ఆగిపోయిందట. ఎవరో అద్దం తట్టి చూసేసరికి ఆయన స్టీరింగు మీద వాలిపోయి ఉన్నాడు. గుండె అన్నారు డాక్టర్లు. బండి కదిలి ఉంటే ఆస్పత్రి ఆ ఎత్తు దిగగానే ఉంది."

మెకానిక్కు వంగి కింద పడ్డ పాన తీసుకున్నాడు.

"ఇప్పుడు చిట్టి నడుపుతానంటోంది. బండి ఎందుకు ఆగుతుందో తెలియకుండా నా పిల్లని దాంట్లో ఎక్కించను. నీ అంత బాగా ఇంకెవరూ చెప్పలేరు. అందుకొచ్చాను."

చిట్టి అప్పటికే బానెట్ ఎత్తి లోపలికి వంగింది. "బాబాయ్, ప్లగ్గులు మార్చాను, కాయిలూ మార్చాను. స్పార్కు పాయింట్లు కిందటి నెలే నాన్న సరిచేశాడు" అంది. ఆ వంగడం, కుడి మోచెయ్యి రేడియేటర్ మీద ఆనించడం, అచ్చం అన్న లాగే ఉంది. మెకానిక్కు చూపు తిప్పుకున్నాడు.

రెండు రోజులు ఆ వ్యానుతో కుస్తీ పట్టాడు. కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. పంపు చూశాడు, పనిచేస్తోంది. వైర్లన్నీ కదిపి కదిపి చూశాడు. ఇంజను గంటల తరబడి నడిచింది, ఒక్కసారి కూడా తడబడలేదు. చిట్టి పక్కనే ఉండి, అడక్కముందే కావాల్సిన సైజు పాన అందించేది. తన షెడ్డులో అలా పనిముట్టు చేతికి రావడం పదకొండేళ్ల తరవాత అదే. ఈ పిల్ల ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుండు అనుకున్నాడు. పైకి అనలేదు.

మంగళవారం సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "రేపు బుధవారం. పది గంటలకి వారం అవుతుంది" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. మెకానిక్కు ఆదివారం నుంచీ అదే లెక్క పెట్టుకుంటున్నాడు. అన్న చివరి ఊపిరి చప్పుడు ఆ ఎత్తు మీద ఒక్కసారే వినిపిస్తుంది. ఆ పూట తప్పితే మళ్లీ రాదు.

బుధవారం తొమ్మిదిన్నరకే నీళ్ల ట్యాంకు దగ్గరికి చేరాడు. ఆ రోడ్డు అన్న తిరిగే రోడ్డని పదకొండేళ్లుగా అటు వచ్చిందే లేదు. రోడ్డు పక్కన తెల్ల గీత మీద నిలబడి దూది తీసేశాడు. కుడి చెవిలో ఇవాళ్టి స్కూటర్లు పోతున్నాయి, ఎడమ చెవిలో పోయిన వారం స్కూటర్లు పోతున్నాయి. రెంటి మధ్యా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

పది దాటాక వినిపించింది వ్యాను. ఎత్తు ఎక్కుతూ గేరు తగ్గించింది. ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గి, నీరసపడి, ఆరిపోయింది. పెట్రోలు అందలేదు, అంతే. హ్యాండ్ బ్రేకు లాగిన చప్పుడు. తరవాత అన్న గొంతు.

"ఒరేయ్ తమ్ముడూ, మళ్లీ ఆగింది రా."

మెకానిక్కు పక్కనున్న గోడ పట్టుకున్నాడు.

"ఆగిన ప్రతిసారీ చెప్తూనే ఉన్నాను. వారం తరవాత ఎప్పుడైనా ఇటు వస్తావేమో, వింటావేమో అని. ఒక్కసారైనా విన్నావో లేదో." అన్న నవ్వాడు, కొంచెం ఆయాసంగా. "ట్యాంకులో నీ దూది ఉందిరా. నల్లదారం చుట్టింది. ఆ రోజు విందామని వంగినప్పుడు జారిపోయినట్టుంది. మొదటి ఏడాదే విప్పి చూశాను. పెట్రోలు తగ్గి, బండి ఎత్తు ఎక్కినప్పుడు పోయి గొట్టం మూతికి అంటుకుంటుంది. ఇంజను ఆగగానే ఊడి పడిపోతుంది. తీసేద్దామనే అనుకున్నాను. తీసేస్తే ఇంక నువ్వు నా దగ్గరికి వచ్చే పనేం ఉంటుంది? నీ అంతట నువ్వే వచ్చి తీస్తావులే అని మళ్లీ బిగించేశాను. నాదీ తప్పే."

స్టార్టరు తిరిగింది. ఇంజను అందుకోలేదు.

"ఇవాళెందుకో భుజం లాగుతోంది."

మళ్లీ స్టార్టరు. ఈసారి ఎక్కువసేపు.

"చిట్టిని నీ దగ్గర పెట్టుకోరా. దాని చెయ్యి నా చెయ్యి కంటే మంచిది. రొట్టెల బండిలో వృథా అయిపోతుంది." గొంతు చిన్నదైంది. "మీ వదినకి చెప్పు. పొద్దున మాట్లాడకుండా వచ్చేశాను. కోపమొచ్చి కాదు. ఒంట్లో బాగాలేదు, తెలిస్తే బండి తియ్యనివ్వదని మొహం చూపించకుండా వచ్చేశాను. కోపమేం లేదని చెప్పు."

స్టార్టరు ఇంకో మూడు సార్లు తిరిగింది. నాలుగోసారి సగంలో ఆగిపోయింది. తరవాత చాలాసేపు వాహనాలు పోయే చప్పుడే. చివరికి ఎవరో అద్దం మీద తట్టారు, "సార్, సార్" అంటూ.

మెకానిక్కు అక్కడే చప్టా మీద కూలబడి ఏడ్చాడు. దారిన పోయేవాళ్లు అతని చేతిలో దూది చూసి, ఏదో విని ఉంటాడులే అనుకుని పక్కనుంచి పోయారు. పదకొండేళ్లలో వందసార్లు ఆగి ఉంటుంది ఆ బండి. వందసార్లు అన్న పిలిచి ఉంటాడు. ఇతను చెవిలో దూది బిగించుకుని, తనదే గెలుపని కూర్చున్నాడు. ఎవర్ని తిట్టుకుంటాడు పాపం.

షెడ్డుకి వచ్చాక చిట్టిని ఇంటికి పంపేసి, షట్టరు సగం దించి ట్యాంకు విప్పాడు. పెట్రోలంతా తీసి, ట్యాంకు బోర్లించి కుదిపితే రెండోసారికే వచ్చి పడింది. బొటనవేలంత దూది ఉండ, నల్లబడి, మెత్తబడి, దారం మాత్రం చెక్కుచెదరకుండా. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. వదినకి ఎలా చెప్పాలి? నీ మొగుడు నా దూది అడ్డం పడి పోయాడని చెప్పాలా? పది మంది ముందు అన్నని అన్నేసి మాటలన్న నోటితో ఆ మాట చెప్పాలా? ఇన్నాళ్లకి షెడ్డులోకి వచ్చిన పిల్ల, ఇది విన్నాక తన మొహం చూస్తుందా? భయమేసింది. చిన్నపిల్లాడికి వేసినట్టు భయమేసింది. ఆ దూదిని తీసుకెళ్లి పాత ఇంజనాయిలు పీపాలో పడేశాడు. గొట్టం మూతికి కొత్త జాలీ బిగించాడు. బాగానే ఉన్న పంపు ఊడదీసి కొత్తది వేశాడు. పాతది బల్ల మీద కనపడేలా పెట్టాడు.

సాయంత్రం ఆరింటికి వదినా చిట్టీ వచ్చారు.

"ఏం తేలింది?" అంది వదిన.

"పంపు వదినా. లోపల పొర చిరిగింది. ఒకోసారి పెట్రోలు లాగుతుంది, ఒకోసారి లాగదు. కొత్తది వేశాను. ఇంక ఆగదు."

చిట్టి ఆ పాత పంపు చేతిలోకి తీసుకుని వేలితో మీట నొక్కి చూసింది. మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

"అక్కడికి వెళ్లావుగా" అంది వదిన. "ఆయన మాటేమన్నా వినిపించిందా?"

మెకానిక్కు చేతులు తుడుచుకున్నాడు. శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడుచుకున్నాడు.

"లేదు వదినా. ఇంజను చప్పుడే."

వదిన అలాగే నిలబడింది. తరవాత "సరే" అని, "తాళం తీసుకో చిట్టీ" అని బయటికి నడిచింది. వాళ్లు వెళ్లాక, గండం గడిచిందనుకున్నాడు మెకానిక్కు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తరవాతి రోజుల్లో చిట్టి వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. ఫోన్ చేద్దామని తీసి, మళ్లీ పెట్టేశాడు. వదిన నమ్మిందా లేదా అన్న ఒక్క సంగతే పుండులా సలుపుతోంది. నమ్మితే ఒక బాధ, నమ్మకపోతే ఇంకో బాధ. చివరికి వారం తిరిగి బుధవారం సాయంత్రం ఆరైంది. కంప్రెసరు ఆపేసి, బల్ల దగ్గర నిలబడి, దూది తీశాడు. తన గొంతు తనకే వినిపించింది.

"పంపు వదినా. లోపల పొర చిరిగింది."

ఎంత తేలిగ్గా అన్నాడు. మాటకారి కొట్టువాడు పాత సరుకు అంటగట్టినట్టు అన్నాడు. అసహ్యమేసింది మెకానిక్కుకి. తరవాత "లేదు వదినా, ఇంజను చప్పుడే" అన్నాక వచ్చిన మౌనం విన్నాడు. ఆ రోజు అది చిన్నదే అనిపించింది. ఇప్పుడు వింటుంటే ఎంతకీ తరగలేదు. వదిన ఊపిరి తీసుకుంటోంది, వదులుతోంది. ఇంకో మాట చెప్తాడేమో అని కాచుకుని ఉంది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది. అప్పుడు గానీ "సరే" అనలేదావిడ.

అడుగుల చప్పుడు షట్టరు వైపు కదిలింది. మెకానిక్కు ఆ చప్పుడు వెంటే నడిచాడు. అడుగులు గేటు దగ్గర ఆగాయి. అతనూ ఆగాడు.

"అమ్మా, నాన్న స్పానర్ల పెట్టె బండిలోనే ఉంది. దించనా?" ఇది చిట్టి.

"వద్దు."

"రేపట్నుంచి ఇక్కడే పని నేర్చుకోమన్నావుగా."

"అన్నాను. ఇప్పుడొద్దంటున్నాను." వదిన గొంతు తగ్గించింది. "ఆ ట్యాంకులో ఏముందో మీ నాన్న చూసిన రోజే నాకు చెప్పాడు. అయినా ఇన్నేళ్లలో మీ బాబాయిని ఒక్క మాట అనలేదు. ఇవాళ కూడా అనేదాన్ని కాదు, ఎవరి చేతిలోంచైనా జారుతుంది. కానీ బండి ఆగిన ప్రతిసారీ మీ నాన్న తమ్ముడితో మాట్లాడేవాడే చిట్టీ. మాట్లాడకుండా పోయాడంటే నేను నమ్మను. ఆ చివరి మాట ఒక్కటి నాకు తెచ్చిస్తాడని వచ్చాను. అది కూడా దాచుకున్నాడు. అలాంటి మనిషి దగ్గర నిన్నెలా వదిలిపెడతాను? పద."

తలుపు వేసిన చప్పుడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. చక్కగా, ఒక్క దగ్గు కూడా లేకుండా, దూరమైపోయింది.

మెకానిక్కు షట్టరు దించడం కూడా మరిచిపోయి అలాగే నడిచాడు. అన్న ఇల్లు మూడు వీధుల అవతల. పదకొండేళ్లలో ఆ మూడు వీధులు దాటలేకపోయిన మనిషి ఆ సాయంత్రం ఎలా దాటాడో అతనికే తెలియదు. వదిన వరండాలో కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఇంటి ముందు వ్యాను లేదు.

"చిట్టి ఏది వదినా?"

"సోమవారం వెళ్లింది. పక్క ఊళ్లో పెద్ద బేకరీ వాళ్లు బండితో సహా రమ్మన్నారు. అక్కడే గది తీసుకుంది." వదిన ఒక చొక్కా తీసుకుని చేతులు సరిచేసింది. "పొద్దున ఫోన్ చేసింది. కొండ దారంతా ఎక్కినా ఎక్కడా ఆగలేదట. పని బాగా చేశావు."

మెకానిక్కు తల వంచుకుని మెట్టు మీద కూర్చున్నాడు. పంపు కాదన్నాడు. దూది అన్నాడు. నల్లదారం అన్నాడు. వదిన మడత ఆపలేదు. "ఆస్పత్రి ఆ ఎత్తు దిగగానే ఉంది వదినా. నా దూది లేకపోతే అన్నయ్య ఉండేవాడు" అన్నాడు. ఆవిడ ఇంకో చొక్కా తీసింది. చిట్టి గురించి అన్న అడిగింది చెప్పాడు. అప్పుడు ఆవిడ చేతులు ఒక్క క్షణం ఆగాయి. వీధి చివరకి చూసి, మళ్లీ చొక్కా అందుకుంది.

"అన్నయ్య నీకో మాట చెప్పమన్నాడు. నేనే చెప్పలేదు. పొద్దున మాట్లాడకుండా వచ్చేశాను, కోపమొచ్చి కాదు అన్నాడు. ఒంట్లో బాగాలేదని తెలిస్తే బండి తియ్యనివ్వదని మొహం చూపించకుండా వచ్చేశానన్నాడు. కోపమేం లేదని చెప్పమన్నాడు."

వదిన చేతిలో చొక్కా మడత విడిపోయింది. రెండు వారాలుగా ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ పొద్దున రొట్టెల లెక్క దగ్గర తను విసుక్కుంది. ఆయన గుమ్మం దాటుతుంటే పిలిచింది, ఆయన తిరిగి చూడలేదు. అదే ఆఖరు.

"ఏ గొంతుతో అన్నాడు?" అంది.

"నవ్వుతూ మొదలెట్టాడు. ఆ మాట దగ్గరికొచ్చేసరికి చిన్నగా అన్నాడు."

వదిన కొంగుతో కళ్లు తుడుచుకోలేదు. కన్నీళ్లని అలాగే కారనిచ్చింది. చాలాసేపయ్యాక మెట్టు మీద కూర్చున్న మరిది వైపు జరిగి, అతని కుడి చెవి దగ్గరికి వంగి, నెమ్మదిగా అంది.

"మళ్లీ చెప్పు."

చెప్పాడు. ఆవిడ ఇంకోసారి అడిగింది. మళ్లీ చెప్పాడు.